తేనెటీగలకు వేరుకాపురం

పెరట్లో తేనెపెట్టె ఉన్న ఇల్లాలికి సంక్రాంతి వెళ్ళగానే ఒక బెంగ పట్టుకుంటుంది. మామిడి పూత వచ్చి, ఈగలు పెరిగి, చోటు చాలక పాత రాణి సగం కుటుంబాన్ని వెంటబెట్టుకుని ఎక్కడ లేచిపోతుందోనని! అలా పోకముందే మనమే వాటిచేత వేరుకాపురం పెట్టించవచ్చు. దానికి కావలసింది ఒక చిన్న పెట్టె.

పెద్ద పెట్టెలోనే పెట్టకూడదా అంటారేమో. ఇద్దరి కాపురానికి కళ్యాణమండపం ఎందుకండీ? ఈగలు తమ ఒంటి వేడితోనే పిల్లల్ని సాకాలి. చోటు ఎక్కువై ఈగలు తక్కువైతే ఆ వేడి నిలవదు. పైగా కాపలా లేని పట్టులో మైనపు పురుగు చేరుతుంది.

మన పుట్టతేనెటీగకు దక్షిణాదిలో బాగా వాడేది న్యూటన్ పెట్టె. తిరుచిరాపల్లిలో ఉండిన న్యూటన్ అనే ఫాదరీగారు 1910ల్లో రూపొందించారు. అందులో పిల్లల అరకు ఏడు చట్రాలు. మన చిన్న పెట్టెకు నాలుగు చాలు. వడ్రంగికి కొలతలు చెప్పేకంటే ఒక ఖాళీ చట్రం చేతికివ్వండి. ఇందులో పట్టిన చట్రం రేపు పెద్ద పెట్టెలోనూ పట్టాలిగదా! చట్రానికీ గోడకూ మధ్య సందు 7, 8 మిల్లీమీటర్లు ఉండాలి. ఎక్కువైతే అక్కడా పట్టు కడతాయి, తక్కువైతే ఈగ దూరదు. బాగా ఎండిన చెక్క వాడండి, లోపల రంగు వద్దు. ద్వారం రెండు వేళ్ళ వెడల్పు చాలు. బందరు చీమల సంగతి మీకు తెలిసిందే, స్టాండు కాళ్ళకింద నీళ్ళగిన్నెలు పెట్టండి.

పాత పెట్టెలో పోతుటీగల గూళ్ళు కనిపించాకే విడదీయాలి. వాటి మూతల మీద సూదితో పొడిచినట్టు చిల్లు ఉంటుంది. గుడ్లూ పిల్లలూ ఉన్న చట్రమొకటి, తేనే పుప్పొడీ ఉన్నదొకటి ఈగలతో సహా చిన్న పెట్టెలోకి మార్చండి. రాణి మాత్రం పాత ఇంట్లోనే ఉండాలి సుమండీ! ముదురు ఈగలు ఎలాగూ పాతచోటికే పోతాయి కాబట్టి ఇంకో చట్రం మీది ఈగల్ని కూడా ఇందులో దులపాలి. గుడ్లున్నాయి గనక కొత్త రాణిని అవే తయారుచేసుకుంటాయి. ఆ రాణి పుట్టి, పోతుటీగలతో కలిసి, గుడ్లు పెట్టేసరికి ఇంచుమించు నెల. ఊరికే మూత తీసి చూడకండి. పంచదార, నీళ్ళు సమంగా కలిపి రాత్రిపూట లోపల పెట్టండి.

పిల్లలు నీళ్ళ సంచుల్లా ఉబ్బి చచ్చిన పెట్టెలోంచి మాత్రం చట్రం తియ్యవద్దు. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే ఈ జబ్బే వచ్చి దక్షిణాదిలో వేలకు వేల పెట్టెలు ఖాళీ అయ్యాయి. ఒక్క పెట్టెనే నమ్ముకోవద్దనేది అందుకే.

గుడివాడ వైపు కనుచూపుమేరా వరిచేలే. వరిపువ్వులో పుప్పొడే తప్ప తేనె ఉండదు. అక్కడివారు కొబ్బరి, మునగ, కానుగ చెట్లు దగ్గరున్నచోట పెట్టుకోవాలి. దివిసీమ వారికి కొబ్బరి తోటలున్నాయిగానీ, గాలి భయం ఉంది. 1977 నవంబరు ఉప్పెన ఎవరు మరిచిపోతారు? తుపాను కబురు వినగానే, చీకటిపడి ఈగలన్నీ లోపలికి చేరాక, ద్వారానికి సన్నజాలీ బిగించి పెట్టెను ఒంటిచేత్తో వసారాలోకి తెచ్చుకోవచ్చు. తెరిపివ్వగానే మళ్ళీ ఎక్కడిదక్కడే పెట్టండి. నాలుగు బారలు జరిపినా మేతకు వెళ్ళిన ఈగలు పాతచోటే వెతుక్కుంటాయి.