పాస్‌వర్డు పరహస్తగతమగు తీరు

1962లో, అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థ యందు పలువురు ఒకే కంప్యూటరును పంచుకొని వాడుకొను రోజులలో, అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన కాలము చాలక, పాస్‌వర్డులన్నియు దాచియుంచిన దస్త్రమును ముద్రించి యిమ్మని ఆ యంత్రమునే కోరి, అందరి రహస్యములను ఒక్కమారుగా కాగితముపై పొందెను. తాళమును ఎవ్వరును బ్రద్దలుకొట్టలేదు. తాళపుచెవులున్న పెట్టెయే చేతికి వచ్చినది. నేటి పెద్ద చౌర్యములలో అనేకములు ఈ తీరువే.

2009 డిసెంబరులో రాక్‌యూ అను సంస్థ నుండి, ఎట్టి మరుగును లేక యథాతథముగా భద్రపరచుటచే, సుమారు 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు చోరుల పాలయ్యెను. వానిని పరిశీలించినవారికి కనబడినది మిక్కిలి విచారకరము: ‘123456’ అను నొక్కటియే రమారమి 2 లక్షల 90 వేల ఖాతాలకు పాస్‌వర్డై యుండెను. ఎవరికి వారు ఏకాంతమున కల్పించుకొంటిమనుకొన్న రహస్యము లక్షలాది జనుల మనస్సులలో అదే రూపమున జనించుచున్నదన్నమాట. పేరు, దాని వెనుక పుట్టిన సంవత్సరము, తుదను ఒక నక్షత్రపు గుర్తు, ఈ త్రోవలన్నియు చోరునికి కరతలామలకములు. రాక్‌యూ నుండి పోయిన ఆ పాస్‌వర్డుల జాబితా నేటికిని వాని చేతి నిఘంటువు.

జాగరూకతగల సంస్థలు పాస్‌వర్డును గాక, గణితసూత్రముచే దానినుండి నిష్పన్నమై, వెనుకకు త్రిప్పరానిదగు హ్యాష్ అను ముద్రను మాత్రమే దాచును. చోరుడు దానిని త్రిప్ప యత్నింపడు. తన నిఘంటువులోని ఒక్కొక్క పదమునకును అదే సూత్రమున ముద్రను కల్పించి, దొంగిలించినదానితో సరిపోల్చుచు పోవును. సూత్రము బలహీనమైనచో, యంత్రము క్షణమునకు కోట్లకొలది పదములను పరీక్షింపగలదు. ప్రతి పాస్‌వర్డునకును వేర్వేరు యాదృచ్ఛికాక్షరములను చేర్చి ముద్రను రూపొందించినచో, ఒక్కొక్క ఖాతాకును ఈ శ్రమ మొదటినుండి పడవలసివచ్చును. 2012లో లింక్డ్‌ఇన్ నుండి అపహృతములైన ముద్రలకు ఆ రక్షణ లేకుండెను.

అయినను, నా దృష్టిలో అన్నిటికంటె ప్రమాదకరమైనది ఒకే పాస్‌వర్డును పలుచోట్ల వాడు మన అలవాటు. ఏదో చిన్న దుకాణపు వెబ్‌సైటున దొరకిన ఈమెయిలును, పాస్‌వర్డును చోరులు బ్యాంకులలోను, ఇతర ఖాతాలలోను యంత్రములచే ప్రయోగించి చూతురు. పాస్‌వర్డు ఎంత దీర్ఘమైనదైనను అప్పుడు నిరర్థకము. బ్యాంకు పేరిట నకిలీ పేజీకి లింకు పంపి మనచేతనే వ్రాయించుకొనుట, అధికారినని ఫోనులో ఓటీపీ అడుగుట తెలుగునాట అందరెరిగినవే.

పాఠకులారా, ముందుగా మీ ఈమెయిలు పాస్‌వర్డును మార్చుడు. ఇతర ఖాతాల పాస్‌వర్డులను తిరిగి కల్పించుకొను లింకులు తరచుగా అచటికే వచ్చును గనుక, దానికి మరెచ్చటను వాడని దీర్ఘమైన పాస్‌వర్డును, రెండవ అంచె ధ్రువీకరణను ఏర్పరచుకొనుడు. ధనమే పోయినచో ఆలస్యము చేయక సైబరు మోసముల ఫిర్యాదులకై ఉన్న 1930 నంబరునకు ఫోను చేయుడు.