మగ్గమునకు గుండ్రన, వరుస

మైలాపూరు కపాలీశ్వరస్వామి పంగుని ఉత్సవములో 7వ దినమున రథము కదలును. చక్రము గుండ్రన తప్పినను, ఇరుసు ఓరగానున్నను రథమంతయు ఊగును. మగ్గమునకును అదే న్యాయము.

మరమగ్గముపై గుడ్డను లాగు రోలరు గుండ్రన తప్పినచో పేక ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా పడును. కాలిపరు కొలతతో తృప్తిపడరాదు. మూడు ఉబ్బులున్న రోలరు ఎటు కొలిచినను ఒకే కొలత చూపవచ్చును. రోలరును మెల్లగా త్రిప్పుచు, కదలని ముల్లును దగ్గర నిలిపి సందు చూడుడు. సందు మారినచో లేతుమీద సరిచేయించుడు.

చేమగ్గమున రెండు దోనెలు సమాంతరముగా లేనిచో ఒక అంచు బిగిసి, రెండవది వదులగును. దోనెల మధ్య దూరమును ఇరుప్రక్కల, పిమ్మట మూలకుమూల సాగని దారముతో కొలువుడు. జతలు సమానమైననే వరుస కుదిరినట్లు.

చెడిన గజము కూలిలో కోత. ఈ పరీక్షకు పట్టునది దారపుముక్క, అరగడియ.