చెట్టు ఎవరిదో తేలిన నేల

సహారా ఎడారికి దక్షిణపు అంచున, ఏడాదికి సగటున 400 నుంచి 500 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే నైజర్ దేశపు మరాడి, జిందర్ ప్రాంతాల్లో 1980ల మధ్య నుంచి వచ్చిన మార్పును బయటి ప్రపంచం ఎక్కువగా పచ్చదనపు లెక్కగానే చూసింది. ఉపగ్రహ చిత్రాలను పరిశీలించిన గ్రే టాపన్, క్రిస్ రెయ్ తదితరులు సుమారు 50 లక్షల హెక్టార్ల సాగుభూమిలో చెట్లు తిరిగి లేచాయనీ, వాటి సంఖ్య 20 కోట్ల దాకా ఉండవచ్చనీ అంచనా కట్టారు. వాటిలో చాలా భాగం ఎవరూ నాటినవి కావన్నదీ, పొలంపై హక్కులోనూ కుటుంబపు అమరికలోనూ వచ్చిన మార్పే వాటిని నిలిపిందన్నదీ ఆ అంకెలకన్నా పట్టించుకోదగిన సంగతి.

ఇక్కడి హౌసా గ్రామాల్లో సేద్యం పూర్వం ‘గందు’ అనే ఏర్పాటు మీద, అంటే ఇంటిపెద్ద అధీనంలోని ఉమ్మడి చేను మీద నడిచేది. పెళ్లయిన కొడుకులు సైతం అందులో పనిచేస్తే, ఇంటిల్లిపాదికీ తిండిగింజలు సమకూర్చి పన్నులు కట్టే బాధ్యత ఇంటిపెద్దదే. ఉమ్మడి పని ముగిశాక సొంతానికి సాగు చేసుకునేందుకు కొడుకులకూ భార్యలకూ ‘గమనా’ అనే చిన్న చెక్క విడిగా దక్కేది. అయితే 1960లో సుమారు 34 లక్షలున్న దేశ జనాభా 2020 నాటికి 2 కోట్ల 40 లక్షలకు పెరగడంతో కొత్త నేల దొరకక, భూమిని కొన్నేళ్లు బీడుగా వదిలే ఆనవాయితీ పోయి, గందు ముక్కలై, కొడుకులు తొందరగా వేరుపడసాగారు.

చెట్టు విషయం దీనికి భిన్నం. ఫ్రెంచి వలసపాలన నాటి అటవీ నిబంధనల వారసత్వంగా, పొలంలోని విలువైన చెట్లపై ప్రభుత్వానిదే పెత్తనం కావడంతో, కొమ్మ నరికితే జరిమానా పడే రైతుకు మొక్కను కాపాడటంలో లాభమే ఉండేది కాదు. విత్తే ముందు ‘సస్సబే’ పేరిట చేను చదును చేసేటప్పుడు ప్రతి పిలకనూ కోసిపారేసేవాడు. పనికిరాని పొదలుగా కనిపిస్తున్నవి నిజానికి నరికిన చెట్ల మొదళ్లనుంచి లేచిన పిలకలేనని 1983లో గుర్తించిన ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు టోనీ రినాడో, వాటిలో నాలుగైదింటిని ఉంచి తక్కినవి కత్తిరించమని చెప్పసాగారు. 1984 కరువులో తిండిగింజలకు బదులుగా చెట్లు మిగిల్చిన రైతుల్లో చాలామంది కరువు తీరగానే వాటిని నరికేశారు. అది అజ్ఞానం కాదు, తమది కానిదాని పట్ల ఎవరైనా చేసే పనే. తర్వాత యురేనియం ధర పడిపోయి ఖజానా చిక్కినప్పుడు అటవీ సిబ్బంది ఊళ్లకు రావడం తగ్గగా, రైతులు చెట్టు తమదేనన్నట్టు వ్యవహరించసాగారు. చట్టం ఆచరణ వెంట నింపాదిగా నడిచింది: 1993 నాటి గ్రామీణ స్మృతి దారి తెరిస్తే, పెంచిన చెట్టుపై సాగుదారు హక్కును రాతపూర్వకంగా గుర్తించే ఉత్తర్వు 2020లో గాని రాలేదు.

మిగిల్చిన చెట్లలో ప్రధానమైనది తుమ్మకు దగ్గరి చుట్టమైన గావో. వానాకాలంలో ఆకు రాల్చి ఎండాకాలంలో చిగురించే విచిత్ర స్వభావం వల్ల ఇది సజ్జకు నీడ అడ్డు పెట్టదు. గాలిలోని నత్రజనిని వేళ్లద్వారా నేలకు చేర్చి, మేత కరవైన నెలల్లో పశువులకు కాయలిస్తుంది. పూర్వం ఇసుకగాలికి మొలకలు కప్పబడిపోయి రెండు మూడు సార్లు విత్తాల్సివచ్చిన చోట, చెట్లు గాలి వేగాన్ని తగ్గించడంతో ఒక్క విత్తుతోనే పంట నిలుస్తోంది.

ఈ మేలు అందరికీ సమంగా దక్కలేదు. వంటచెరకు కోసం ఆడవాళ్లు నడిచే దూరం తగ్గిన మాట వాస్తవమే. కానీ భూమి ఇరుకైన దక్షిణపు ఊళ్లలో గమనాలు పెద్ద చేనిలో కలిసిపోగా, కొందరు ఆడవాళ్లు సాగుకే దూరమై మేకల పెంపకానికీ చిల్లర వర్తకానికీ పరిమితమయ్యారు. ‘చిన్ రాని’, అంటే ఎండాకాలాన్ని తినడమని అర్థమిచ్చే వలసకు మగవాళ్లు నైజీరియా పట్టణాలకు వెళ్లినప్పుడు ఇంటి భారం కూడా వీరిమీదే పడుతుంది. కోతల తర్వాత ఫులాని కాపరులు పొలంలో మంద కట్టి, ఎరువుకు బదులుగా ధాన్యమూ చొప్పా పొందే పాత ఒప్పందమూ సన్నగిల్లింది, ఎందుకంటే రైతులే పశువులను పెంచుతూ చొప్పను ఇంటికి చేర్చుకుంటున్నారు, మిగిలినది అంగట్లో అమ్ముతున్నారు. ఎండాకాలంలో గావో కొమ్మ వంచి మందను మేపడం కాపరికి తరతరాల అలవాటు. చెట్టు రైతు ఆస్తి అయ్యాక అదే పని దొంగతనం కింద లెక్కకు వచ్చి, గ్రామపెద్దల ముందు పంచాయితీగా మారుతోంది.