గేటు పాసు చింపేసే యాంటీబాడీ

కంటోన్మెంట్ గేటు దగ్గర సెంట్రీ పాసు అడగడం సికింద్రాబాదు పిల్లలకు కొత్త కాదు కదర్రా. మన రక్తంలోనూ అలాంటి సెంట్రీలు తిరుగుతుంటాయి. కాంప్లిమెంట్ వ్యవస్థ అంటారు. ముప్పైకి పైగా ప్రొటీన్లు, చాలామటుకు లివరే తయారుచేస్తుంది. క్రిమి వచ్చేదాకా ఆగే రకం కావివి. వీటిలో సీ3 అనేది ఎప్పుడూ కొద్దికొద్దిగా రాజుకుంటూనే ఉంటుంది. ఏది దొరికితే దానికి అతుక్కుంటుంది, మన కణమైనా సరే. మరి మనమెలా బతికున్నాం? ఫ్యాక్టర్ హెచ్ అనే ఇంకో ప్రొటీను తన తోకతో మన కణాలను పట్టుకుని, సీ3ని అక్కడ చల్లారుస్తుంది. మన కణాల పాసు అదే.

కొందరు పిల్లల్లో ఆ తోకకే యాంటీబాడీలు పుడతాయి. పాసు చిరిగినట్టే. దెబ్బ ముందుగా కిడ్నీకి తగులుతుంది. అక్కడి సన్నని రక్తనాళాల గోడలు పాడై, లోపల గడ్డలు కట్టి, ఆ ఇరుకులో దూరబోయిన ఎర్రకణాలు తెగిపోతాయి. రక్తపు చుక్కను గాజుపలక మీద పూసి మైక్రోస్కోపులో చూస్తే, గుండ్రటి కణాల మధ్య కొనలు తేలిన తునకలు కనబడతాయి. ప్లేట్‌లెట్లు పడిపోతాయి, బిడ్డ పాలిపోతుంది, మూత్రం తగ్గి మొహం ఉబ్బుతుంది. దీన్నే హెచ్‌యూఎస్ అంటారు.

ఈ యాంటీబాడీని 2005లో పారిస్ డాక్టర్లు బయటపెట్టారు. అక్కడ అరుదే. మన దేశంలో అలా కాదు! 2014లో అచ్చయిన ఒక పరిశోధనలో, హెచ్‌యూఎస్ వచ్చిన భారతీయ పిల్లల్లో 56 శాతం మందికి, అంటే 138 మందికి, ఇదే కారణమని తేలింది. వాళ్లలో జన్యువులు పరీక్షించిన 68 మందిలో 60 మందికి సీఎఫ్‌హెచ్‌ఆర్1 అనే జన్యువు అసలే లేదు. అలాగని అది లేనివాళ్లందరికీ జబ్బు రాదు. నిక్షేపంగా తిరిగేవాళ్లే ఎక్కువ.

వైద్యం ఉంది. యంత్రంతో రక్తంలోని ప్లాస్మా తీసేసి దాతల ప్లాస్మా ఎక్కిస్తారు. యాంటీబాడీలు మళ్లీ తయారవకుండా స్టెరాయిడ్ల వంటి మందులిస్తారు. ప్లాస్మా మార్చడం ఆలస్యమైనకొద్దీ కిడ్నీ దక్కడం కష్టమని ఆ 138 మంది లెక్కే చెప్పింది.

మనవాళ్లేమో ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే డెంగీ అనుకుని బొప్పాయి ఆకు కోసం పరుగెడతారు! డెంగీ కావచ్చు, కాదనను. కానీ పిల్లాడు మూత్రం సరిగా పోస్తున్నాడా లేదా చూడండి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష, మూత్రపరీక్ష కూడా అదే రోజు చేయించండి. నయమైనా డాక్టర్ని వదలకండి. ఆ 2014 పరిశోధనలోని పిల్లల్లో 14 మందికి జబ్బు తిరగబెట్టింది. తిరగబెట్టినప్పుడు యాంటీబాడీల లెక్కా పెరిగింది.