పరీక్షలు ఆపమని ముందుగా అడిగిన దేశం

అడగ్గా అడగ్గా కోరిన వస్తువు చేతికి అందిస్తే, తీరా "నాకు వద్దు" అన్నవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? అణుపరీక్షల నిషేధం విషయంలో మన దేశం చేసిన పని పైకి అలాగే కనిపిస్తుంది. 1954లో ఈ పరీక్షలు ఆపండని ప్రపంచాన్ని కోరింది భారతదేశం. 1996లో సంపూర్ణ నిషేధ ఒడంబడిక తయారైనప్పుడు సంతకం పెట్టనన్నదీ భారతదేశమే. ఇదెలా జరిగిందో తెలియాలంటే కొంచెం చరిత్రా, కొంచెం భౌతికశాస్త్రమూ కావాలి.

1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రంలోని మార్షల్ దీవుల్లో, బికినీ అనే పగడపు దీవి దగ్గర అమెరికా ఒక హైడ్రోజన్ బాంబును పేల్చింది. ఆ పరీక్షకు పెట్టిన పేరు 'బ్రావో'. సుమారు 60 లక్షల టన్నుల టి.ఎన్.టి.కి సమానమైన శక్తి వస్తుందని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. వచ్చింది కోటీ 50 లక్షల టన్నుల శక్తి! హిరోషిమా బాంబుకు దాదాపు 1000 రెట్లు. లెక్క ఎక్కడ తప్పింది? బాంబులో వాడిన లిథియంలో లిథియం-6, లిథియం-7 అని రెండు రకాల పరమాణువులున్నాయి. మొదటిదే పనికొస్తుంది, రెండవది ఊరికే పడి ఉంటుంది అనుకున్నారు. కాని మహావేగంతో వచ్చిన న్యూట్రాన్లు తగిలేసరికి లిథియం-7 కూడా బద్దలై ట్రిటియంను ఇచ్చింది. ట్రిటియం అంటే హైడ్రోజన్ బాంబుకు ఇంధనమే కదా!

ఆ దెబ్బకు పగడపు రాయి పిండి పిండై ఆకాశానికెగసి, గాలివాటున కొట్టుకుపోయింది. సుమారు 130 కిలోమీటర్ల దూరాన ఒక జపాను పడవ చేపలు పడుతూ ఉంది. దాని పేరుకు అర్థం 'ఐదవ అదృష్ట డ్రాగన్'. పేరులోనే ఉంది అదృష్టం. అందులోని 23 మంది మీదా తెల్లని బూడిద మంచులా గంటల తరబడి కురిసింది. అది రేడియో ధార్మిక ధూళి అని వాళ్ళకేం తెలుసు? అందరూ జబ్బుపడ్డారు. రేడియో ఆపరేటరు కుబోయామా ఆ సెప్టెంబరులో చనిపోయాడు. దీవుల్లో కాపురముంటున్న జనం మీద కూడా ఆ ధూళి పడింది.

ఈ వార్త ఆసియాను కుదిపివేసింది. ఏప్రిల్ 2న ప్రధాని నెహ్రూ లోక్‌సభలో ఒక ప్రతిపాదన చేశారు. అణ్వస్త్రాలన్నీ రద్దు కావడానికి ఎంతకాలం పట్టినా, ఈలోగా కనీసం పరీక్షలనైనా ఎక్కడివక్కడ నిలిపివేస్తూ ఒప్పందం చేసుకోవాలన్నది దాని సారాంశం. అంతటితో ఊరుకోలేదు. అణువిస్ఫోటనాల వల్ల ఏమవుతుందో శాస్త్రీయంగా చెప్పే పుస్తకం ఒకటి డి.ఎస్. కొఠారీ ఆధ్వర్యంలో తయారై, నెహ్రూ ముందుమాటతో 1956లో వెలువడింది. ఒక ప్రభుత్వం తన వాదనకు బలంగా భౌతికశాస్త్ర గ్రంథాన్ని అచ్చువేయించడం ముచ్చటైన సంగతి కాదూ?

శాస్త్రజ్ఞులు ఎక్కువగా భయపడ్డది స్ట్రాన్షియం-90 గురించి. రసాయన ధర్మాల్లో అది కాల్షియంకు తమ్ముడి వంటిది. గడ్డి మీద పడుతుంది, ఆవు మేస్తుంది, పాలలోకి వస్తుంది, పాలు తాగిన పిల్లల ఎముకల్లోనూ పళ్ళలోనూ కాల్షియం పక్కన చేరి కూర్చుంటుంది. దాని అర్ధజీవితం సుమారు 29 ఏళ్ళు! అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో పిల్లల పాలపళ్ళను లక్షల సంఖ్యలో సేకరించి పరీక్షిస్తే, బాంబు పరీక్షలు పెరిగినకొద్దీ పళ్ళలో స్ట్రాన్షియం పెరిగినట్లు తేలింది.

1963లో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ దిగివచ్చాయి. గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలు చేయరాదని మాస్కోలో ఒడంబడిక కుదిరింది. ఇతర దేశాల సంతకాలకు దానిని తెరిచిన ఆగస్టు 8నే భారతదేశం సంతకం చేసింది. మరి భూగర్భాన్ని ఎందుకు వదిలారు? లోపల పేలింది బాంబో, వచ్చింది భూకంపమో చెప్పడం ఆనాడు కష్టం. వచ్చి చూస్తామని అమెరికా అంది. ఏడాదికి ఏడు తనిఖీలు కావాలని వాళ్ళు, మూడింటికి మించి కుదరదని సోవియట్లు! ఆ బేరం తెగలేదు. పరీక్షలు భూమి లోపలికి దిగి, మునుపటి కంటే జోరుగా సాగాయి.

నిజానికి భూకంపానికీ పేలుడుకీ తేడా ఉంది. భూకంపంలో రాతిపొరలు ఒకదాని పక్కన ఒకటి జారుతాయి. అందుకే తొలి తరంగం కొన్ని దిక్కులకు నెట్టుతుంది, కొన్ని దిక్కుల నుంచి లాగుతుంది. బాంబు అన్ని వైపులకూ నెట్టడమే. పైగా పేలుడులో ఉపరితల తరంగాలు బలహీనంగా ఉంటాయి. ఈ తేడాను పట్టడానికే 1960లలో గౌరీబిదనూరులో భూకంపలేఖినులను ఎల్ అక్షరం ఆకారంలో వరుసగా నాటారు. ఆ ఊరు హిందూపురం నుంచి బెంగుళూరు వెళ్ళే రైలుదారిలోనే ఉంది. తరంగం ఒక్కో పరికరాన్ని ఏ క్షణాన తాకిందో చూసి, అది ఏ దిక్కు నుంచి వచ్చిందో లెక్కగడతారు.

ఈలోగా మన స్థితి మారింది. 1964లో చైనా బాంబు పేల్చింది. 1974 మే 18న మనమూ పోఖ్రాన్‌లో ఒకటి పేల్చి, శాంతియుత విస్ఫోటనమన్నాం. అయినా 1993లో సంపూర్ణ నిషేధం కోసం ఐక్యరాజ్య సమితిలో తీర్మానం వచ్చినప్పుడు, అమెరికాతో కలిసి దాన్ని ప్రతిపాదించిన దేశాల్లో మనమూ ఉన్నాం. మూడేళ్ళకు చిక్కు వచ్చిపడింది. 1996 జూన్ 20న జెనీవాలో మన రాయబారి అరుంధతీ ఘోష్, ఉన్న రూపంలో ఈ ఒడంబడికను అంగీకరించలేమని ప్రకటించారు.

కారణాలేమిటి? అమెరికా అప్పటికి వెయ్యికి పైగా పరీక్షలు చేసింది. ఆ వివరాలుంటే చాలు, ఇక బాంబు పేల్చకుండానే కంప్యూటర్ల మీద ఆయుధాలను మెరుగుపరచుకోవచ్చు. దానికి నిషేధం లేదు. ఉన్న బాంబులను ఫలానా గడువులోగా తీసివేస్తామన్న మాటా లేదు. పైగా పేరు పేరునా చెప్పిన 44 దేశాలు ఆమోదిస్తేనే ఒడంబడిక అమలులోకి వస్తుందన్నారు. అందులో మన పేరూ ఉంది. ఒప్పుకోనివారి మెడ మీద కత్తి పెట్టడమే ఇది అని భారత్ అభ్యంతరం. సెప్టెంబరు 10న సమితి సర్వసభ్య సభలో ఓట్లు వేస్తే అనుకూలం 158, వ్యతిరేకం 3. భారత్‌తో నిలిచినవి భూటాన్, లిబియా మాత్రమే.

తన బాంబుకు దారి తెరిచి ఉంచుకోవడానికే ఈ వాదనలన్నీ అని విమర్శకులన్నారు. 1998 మేలో పోఖ్రాన్‌లో అయిదు పరీక్షలు జరిగాక ఆ మాటను కాదనడం కష్టమే. అలాగని ఒడంబడికలో మనం చూపిన లోపాలు అబద్ధాలూ కావు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ఆ పరీక్షల తర్వాత మనంతట మనమే ఇక చేయబోమని ప్రకటించాం. నాటి నుంచి చేయలేదు, సంతకమూ పెట్టలేదు.

ఒడంబడిక ఈనాటికీ అమలులోకి రాలేదు. భారత్, పాకిస్తాన్, ఉత్తర కొరియా సంతకం చేయలేదు. అమెరికా, చైనా సంతకం చేసి ఆమోదం ఇవ్వలేదు. రష్యా 2023లో తన ఆమోదాన్ని వెనక్కి తీసుకుంది. కాని దాని కోసం ప్రపంచమంతటా పెట్టిన పరికరాలు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి. నేలలో కదలికను, సముద్రంలో ధ్వనిని, చెవికందని గాలి తరంగాలను, గాలిలోని రేడియో ధార్మిక కణాలను అవి కనిపెడుతుంటాయి. 2006 నుంచి 2017 వరకు ఉత్తర కొరియా చేసిన ఆరు పరీక్షలనూ అవి పట్టుకున్నాయి.