స్కూబా రెగ్యులేటర్ కొనే ముందు

రెగ్యులేటర్ అనగానే మనకి గుర్తొచ్చేవి రెండే. వంటింట్లో గ్యాస్ బండ మీద ఉండేది ఒకటి, హాస్టల్ గదిలో ఐదులో పెట్టినా ఫ్యాన్‌ని రెండులోనే తిప్పేది ఇంకొకటి. మూడోది కూడా ఉంది. సముద్రంలోకి దిగేవాళ్ళు నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చుకునేది. గత నెల రోజులుగా క్లాసు పుస్తకాల కంటే దాని గురించే ఎక్కువ చదివాను.

కారణం మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్నయ్య. విశాఖలో రుషికొండ దగ్గర డైవింగ్ నేర్చుకున్నాడు. ఇప్పుడు డైవ్‌మాస్టర్ ట్రైనింగ్‌కి అండమాన్‌లోని హేవ్‌లాక్ వెళ్తున్నాడు. ఇన్నాళ్ళూ అద్దె సామానుతో సరిపోయింది, ఇకపై సొంతది ఉండాలి. "నువ్వు కంప్యూటర్స్ కదరా, ఏది బాగుందో ఒక ఎక్సెల్ షీట్ చేసి పెట్టు" అన్నాడు. సీఎస్ఈలో చేరిన రోజు నుంచి ఇంట్లో ప్రింటర్, వైఫై, సెట్‌టాప్ బాక్స్ అన్నీ మన ఖాతాలోనే ఉంటాయి కదా, ఆ లిస్టులో ఇదీ చేరింది. కాకపోతే ఇది తప్పుగా ఎంచితే రీస్టార్ట్ చేసే వీలుండదు. పైగా రేపు అన్నయ్య వెంట నీళ్ళలో కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళలో ఎవరి ట్యాంకు ఖాళీ అయినా అన్నయ్య రెగ్యులేటర్ మీదే ఇద్దరూ బతకాలి.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చెప్తాను. ట్యాంకులో గాలిని దాదాపు 200 బార్ ప్రెషర్‌తో నింపుతారు. మన బైక్ టైర్‌లో ఉండేది 2 బార్ చుట్టుపక్కల, అంటే ఇది దానికి వంద రెట్లు. దాన్ని నేరుగా నోట్లోకి వదిలితే ఊపిరితిత్తులు ఉండవు. అందుకే రెండు దశల్లో తగ్గిస్తారు. ట్యాంకుకి బిగించే ఫస్ట్ స్టేజ్, ఆ ప్రెషర్‌ని చుట్టూ ఉన్న నీటి ప్రెషర్ కంటే 9, 10 బార్లు ఎక్కువ ఉండేదాకా దించుతుంది. అక్కడి నుంచి గొట్టం ద్వారా నోట్లో ఉండే సెకండ్ స్టేజ్‌కి వస్తుంది. అందులో ఒక పల్చటి రబ్బరు పొర ఉంటుంది. మనం గాలి లాగగానే ఆ పొర లోపలికి వంగి ఒక మీటని నొక్కుతుంది, వాల్వ్ తెరుచుకుంటుంది. లాగడం ఆపితే మూసుకుంటుంది. రిక్వెస్ట్ పంపితేనే రెస్పాన్స్ అన్నమాట. దీన్ని డిమాండ్ వాల్వ్ అనేది అందుకే.

ఈ ఐడియా వెనక కథ నాకు భలే నచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో పెట్రోల్ దొరక్క కార్లని గ్యాస్‌తో నడిపేవారు. దానికి కావలసిన వాల్వ్ మీద పనిచేసిన ఎమిల్ గన్యాన్ అనే ఇంజినీర్, నేవీ ఆఫీసర్ జాక్ కూస్తోతో కలిసి 1943లో దాన్నే నీళ్ళకింద ఊపిరికి వాడాడు. ఈ రోజు షాపులో ఉన్న ప్రతి రెగ్యులేటర్‌లోనూ అసలు సూత్రం అదే.

సరే, పోల్చడం. షాపులో ఏ రెగ్యులేటర్ నోట్లో పెట్టుకున్నా హాయిగానే గాలి వస్తుంది. ఒడ్డు మీద, నిండు ట్యాంకుతో, ఒక్కడే పీలుస్తుంటే ఏది మాత్రం ఇవ్వదు? అది బెస్ట్ కేస్. డీఏఏ క్లాసులో మనకి నూరిపోసింది ఏంటి? అల్గారిథమ్‌ని వర్స్ట్ కేస్‌లో చూడమని. ఇక్కడ వర్స్ట్ కేస్ ఇలా ఉంటుంది: 30 మీటర్ల లోతు, ట్యాంకులో 50 బార్లే మిగిలాయి, పక్కన ఇంకో మనిషి కంగారుగా మీ స్పేర్ మౌత్‌పీస్‌తో ఎగపీలుస్తున్నాడు. ప్రతి 10 మీటర్లకి సముద్రం ఒక బార్ ప్రెషర్ కలుపుతుంది కాబట్టి 30 మీటర్ల దగ్గర మొత్తం 4 బార్లు. అక్కడ పీల్చే గాలి ఒడ్డు మీద కంటే నాలుగు రెట్లు చిక్కగా ఉంటుంది. స్ట్రాతో మజ్జిగ తాగడానికీ గట్టి లస్సీ తాగడానికీ ఉన్న తేడా అనుకోండి. నా షీట్‌లో కాలమ్స్ అన్నీ ఈ ఒక్క నిమిషం నుంచే పుట్టాయి.

మొదటి కాలమ్: ఫస్ట్ స్టేజ్ బ్యాలెన్స్‌డా, కాదా. ఒక తలుపు అవతల నుంచి వందమంది తోస్తున్నారు, మీరు ఇవతల పట్టుకుని నిలబడ్డారు. కాసేపటికి అవతల పాతికమందే మిగిలితే మీరు పెట్టాల్సిన బలం మారిపోతుంది. అన్‌బ్యాలెన్స్‌డ్ రెగ్యులేటర్‌లో వాల్వ్ పరిస్థితి అదే. ట్యాంకులో ప్రెషర్ తగ్గేకొద్దీ సెకండ్ స్టేజ్‌కి పంపే ప్రెషర్ కూడా కొంత తగ్గుతుంది, ఊపిరి కొంచెం బరువవుతుంది. బ్యాలెన్స్‌డ్ డిజైన్‌లో ఆ తోపుని రెండు వైపులా సమానం చేసి రద్దు చేస్తారు. కరెంటు ఎలా ఊగినా ఫ్రిజ్‌కి ఒకేలా పంపే స్టెబిలైజర్‌లాగా, ట్యాంకులో 200 ఉన్నా 50 ఉన్నా బయటికి వచ్చేది దాదాపు మారదు. స్కూబాప్రో ఎంకే2, క్రెస్సీ ఏసీ2 అన్‌బ్యాలెన్స్‌డ్ పిస్టన్ రకం. స్కూబాప్రో ఎంకే25 బ్యాలెన్స్‌డ్ పిస్టన్, అపెక్స్ ఎక్స్‌టీఎక్స్50 బ్యాలెన్స్‌డ్ డయాఫ్రమ్.

అలాగని ఎంకే2ని తీసిపారేయకండి. భాగాలు తక్కువ, మొండిగా పనిచేస్తుంది, సర్వీస్ సులువు. మొదటి కోర్సు చేసినవాళ్ళకి చెప్పే హద్దు 18 మీటర్లు. సెలవుల్లో ఆ లోతులో చేపలు చూసి వచ్చేవాళ్ళకి అది చాలు. అన్నయ్యకి చాలదు, ఎందుకంటే తన ఊపిరి ఒక్కటే లెక్క కాదు.

పిస్టనా, డయాఫ్రమా అన్న గొడవకి ఇంటర్నెట్‌లో అంతు లేదు, నాకు మాత్రం అందులో పెద్ద విషయం కనపడలేదు. పిస్టన్ రకంలో మామూలుగా సముద్రపు నీళ్ళు స్ప్రింగ్ దాకా వస్తాయి, డయాఫ్రమ్ రకంలో లోపలి భాగాలకి రబ్బరు పొర అడ్డు ఉంటుంది. ఇసుక, మడ్డి ఉన్న నీళ్ళలో ఎక్కువ దిగేవాళ్ళకి రెండోది నయం. ఇక "చల్లటి నీళ్ళలో గడ్డకట్టదు" అనే కిట్‌కి డబ్బు పోయక్కర్లేదు. ఆ సమస్య 10 డిగ్రీల కింద నీళ్ళలో, మన సముద్రం గోరువెచ్చన.

తర్వాత, కంపెనీలు గొప్పగా వేసుకునే అంకె: ఊపిరి తీసుకోవడానికి పట్టే శ్రమ, లీటరుకి ఎన్ని జౌల్స్ అని. యూరప్ ప్రమాణం ఈఎన్ 250 ప్రకారం మెషీన్‌తో 50 మీటర్ల లోతు ప్రెషర్‌లో నిమిషానికి 62.5 లీటర్లు పీల్పిస్తారు, శ్రమ 3 జౌల్స్ దాటకూడదు. మామూలుగా ఈదే మనిషి పీల్చేది నిమిషానికి 15, 20 లీటర్లే. కాబట్టి ఈ పరీక్ష పాసైన రెండు మోడల్స్ మధ్య ఆ చిన్న తేడా కోసం వేలు పోయడం నాకైతే దండగనిపించింది. దానికంటే చూడాల్సింది ఈఎన్ 250 పక్కన 'ఏ' అక్షరం. 2014 నుంచి వచ్చిన ఈ గుర్తు ఉంటే, ఒకే ఫస్ట్ స్టేజ్ మీద ఇద్దరు పీల్చే పరిస్థితికి కూడా పరీక్షించారని అర్థం. స్పేర్ మౌత్‌పీస్‌ని, అదే పసుపు రంగులో ఉండే ఆక్టోపస్‌ని, చవకది తగిలించి డబ్బు మిగుల్చుకునేవాళ్ళు దీన్ని ఒకసారి ఆలోచించాలి. కంగారులో ఉన్న మనిషికి మీరిచ్చేది దాన్నే.

ట్యాంకుకి తగిలించే పద్ధతులు రెండు. యోక్ అంటే పైనుంచి బిగించే క్లాంప్, 232 బార్ల వరకు. డిన్ అంటే మరలా లోపలికి తిప్పేది, 300 దాకా రకాలున్నాయి. డిన్ కొని యోక్ అడాప్టర్ ఒకటి సంచిలో వేసుకుంటే ఎక్కడికెళ్ళినా ఇబ్బంది ఉండదు.

అన్నిటికంటే ఎక్కువ మార్కులు నేను సర్వీస్‌కి ఇచ్చాను. ప్రెషర్ కుక్కర్ గ్యాస్కెట్ గట్టిపడితే విజిల్ రాదు, పక్క నుంచి ఆవిరి పోతుంది. రెగ్యులేటర్ లోపల ఓ-రింగులు కూడా అలాంటి రబ్బరే. కంపెనీని బట్టి ఏడాదికో రెండేళ్ళకో, లేదా ఇన్ని డైవ్‌లకని, విప్పి మార్చాలి. దానికి ఆ బ్రాండ్ కిట్ దొరకాలి, నేర్చుకున్న టెక్నీషియన్ ఉండాలి. మన దగ్గర వాళ్ళు ఊరికొకరు ఉండరు. సర్వీస్ కోసం కొరియర్‌లో వేరే రాష్ట్రం పంపి నెల రోజులు ఆగాల్సిన గొప్ప రెగ్యులేటర్ కంటే, పక్క వీధిలో విప్పి బిగించే మామూలుది మేలు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు మోడల్ పేరు చెప్పి, ముందు కిట్ దొరుకుతుందో లేదో కనుక్కోండి. చూడటానికి వెళ్ళినప్పుడు డస్ట్ క్యాప్ పెట్టి మౌత్‌పీస్ నుంచి మెల్లగా లాగండి. గాలి ఏమాత్రం రాకూడదు, వస్తే ఎక్కడో లీకుంది. ట్యాంకుకి తగిలించాక ఇంటర్మీడియట్ ప్రెషర్ గేజ్‌లో, ఫస్ట్ స్టేజ్ ఇచ్చే ప్రెషర్ ఒక చోట ఆగి నిలబడాలి. మెల్లగా పైకి పాకుతుంటే లోపల సీట్ అరిగిందని.

పెద్దమ్మ మాత్రం ఒక్కటే అడిగింది, "అది లోపల ఆగిపోతే?" అని. దాదాపు అన్ని సెకండ్ స్టేజ్‌లనీ, చెడిపోతే మూసుకోకుండా తెరుచుకునిపోయేలా డిజైన్ చేస్తారని చెప్పాను. గాలి ఆగదు, బుసబుసా వచ్చేస్తుంది. ట్యాంకు త్వరగా ఖాళీ అవుతుంది కాబట్టి వెంటనే పైకి బయల్దేరాలి, కానీ పీల్చుకోవడానికి ఉంటుంది. పెద్దమ్మ కాస్త కుదుటపడింది, పూర్తిగా కాదు.

అన్నయ్య చివరికి డిన్ ఉన్న బ్యాలెన్స్‌డ్ డయాఫ్రమ్ రకం తీసుకుంటున్నాడు, తను చేరబోయే చోట సర్వీస్ చేసే బ్రాండ్‌లోనే. ఆక్టోపస్ కూడా 'ఏ' గుర్తున్నదే. వాడాక ప్రతిసారీ డస్ట్ క్యాప్ పెట్టి మంచినీళ్ళలో నానబెట్టాలి. నానేటప్పుడు ముందున్న పర్జ్ బటన్ నొక్కకూడదు, నొక్కితే వాల్వ్ తెరుచుకుని నీళ్ళు గొట్టంలోంచి ఫస్ట్ స్టేజ్ దాకా వెళ్తాయి.