నల్లరేగడిలో అమెరికా జీపు

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో రెండు మూడు తరాల పాటు సర్కారు రాకకు గుర్తుగా నిలిచిన జీపు పుట్టింది అమెరికాలో. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బట్లర్ అనే చిన్న పట్టణంలో అమెరికన్ బాంటమ్ కంపెనీ ఉండేది. బుల్లి కార్లు తయారుచేసి, అవి అమ్ముడుపోక దివాలా అంచుకు చేరిన కంపెనీ అది. 1940 జూలైలో అమెరికా సైన్యం తేలికైన, నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండి కావాలని 135 కంపెనీలకు కబురు పంపింది. గడువులోగా ముందుకొచ్చినవి బాంటమ్, విల్లీస్-ఓవర్‌ల్యాండ్ మాత్రమే. నమూనా బండి 49 రోజుల్లో సిద్ధం కావాలన్నది షరతు. బాంటమ్ దగ్గర అప్పటికి పనిచేస్తున్న డిజైనర్లే లేరు. బయటి నుంచి కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజినీరును పిలిపించారు. ఆయన రెండు రోజుల్లో నక్షా గీశాడు. సెప్టెంబర్ 23న బండి మేరీలాండ్‌లోని హోలాబర్డ్ సైనిక శిబిరానికి చేరింది.

గెలిచిన బాంటమ్‌కు ఫలితం దక్కలేదు. యుద్ధానికి కావలసినన్ని బండ్లు అంత చిన్న కంపెనీ చేయలేదని సైన్యం భావించి, దాని నక్షాలను విల్లీస్‌కూ ఫోర్డ్‌కూ చూపించింది. ముగ్గురూ తలా 1,500 బండ్లు చేసి చూపారు. 1941 జూలైలో 16,000 బండ్ల కాంట్రాక్టు విల్లీస్‌కు వెళ్లింది, ఒక్కోటి 738 డాలర్ల 74 సెంట్లకు. ఆ నవంబర్‌లో ఫోర్డ్ కూడా అదే నమూనా తయారీకి ఒప్పుకుంది. యుద్ధం ముగిసేసరికి విల్లీస్ ఎంబీ సుమారు 3,60,000, ఫోర్డ్ జీపీడబ్ల్యూ సుమారు 2,78,000 తయారయ్యాయి. బాంటమ్ చేసినవి మొత్తం కలిపి 2,700 లోపే. మిగతా యుద్ధకాలమంతా ఆ కంపెనీ జీపుల వెనుక కట్టే ట్రైలర్లు చేస్తూ గడిపింది. ఇవాళ అమెరికాలోనైనా అసలు బాంటమ్ కనబడితే అది అపురూపమే.

విల్లీస్ నెగ్గడానికి కారణం ఇంజిన్. ఆ కంపెనీ మామూలు కార్లలో వాడే 48 హార్స్‌పవర్ ఇంజిన్‌ను బార్నీ రూస్ అనే ఇంజినీరు తీర్చిదిద్ది 60కి పెంచాడు. దాని పేరు గో-డెవిల్. నాలుగు సిలిండర్లు, 2,199 సీసీ. సిలిండర్ వ్యాసం 79 మిల్లీమీటర్లయితే పిస్టన్ నడక 111 మిల్లీమీటర్లు. పిస్టన్ నడక అంత పొడవుగా ఉండటం వల్ల ఇంజిన్ పెద్దగా రొద పెట్టకుండానే, నిమిషానికి 2,000 చుట్ల దగ్గరే పూర్తి లాగుడు (142 న్యూటన్ మీటర్లు) ఇస్తుంది. 60 హార్స్‌పవర్ 4,000 చుట్ల దగ్గర గానీ రాదు, కాని జీపు నడిపేవారికి ఆ అంకెతో పెద్దగా పని పడదు. ఈ ఇంజిన్ వల్ల బండి బరువు పెరిగింది. సైన్యం విధించిన హద్దులో ఇమడ్చడానికి రూస్ బృందం బండిని విడదీసి, పొడవైన బోల్టులు కోసి, రంగు కూడా పల్చగా పూసిందని చెబుతారు.

తక్కిన కొలతలు ఇవీ. పొడవు 3.36 మీటర్లు, వెడల్పు 1.57 మీటర్లు, ముందు వెనుక ఇరుసుల మధ్య 2.03 మీటర్లు. నూనె, నీళ్లతో కలిపి బరువు 1,113 కిలోలు. నేలకూ బండి అడుగుకూ మధ్య 22 సెంటీమీటర్లు. ముందూ వెనుకా పట్టీ స్ప్రింగులే. నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ డ్రమ్ బ్రేకులు. టైర్లు ఆరంగుళాల వెడల్పు, పదహారంగుళాల రిమ్. ఆరు వోల్టుల బ్యాటరీ, 57 లీటర్ల పెట్రోలు ట్యాంకు. గరిష్ఠ వేగం గంటకు 105 కిలోమీటర్లు. అంత వేగంలో ఆ బండిని నడిపినవారు రెండోసారి ప్రయత్నించి ఉండరు. పొట్టి ఇరుసుల వల్ల మలుపుల్లో అది సులువుగా బోల్తా పడుతుంది.

మూడు గేర్ల పెట్టె పక్కనే ఇంకో చిన్న గేర్ల పెట్టె ఉంటుంది. దానికి రెండు లీవర్లు. ఒకటి ముందు చక్రాలకు కూడా బలం పంపేది, రెండోది లో గేరు వేసేది. మొదటి గేరు, లో గేరు, ఇరుసు పళ్ల నిష్పత్తి మూడూ కలిస్తే ఇంజిన్ సుమారు 25 చుట్లు తిరిగినప్పుడు చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. అంటే గంటకు పది కిలోమీటర్ల నడకలోనే ఇంజిన్ తన పూర్తి లాగుడు ఇస్తుంది. ఆదిలాబాద్ రేగడిలోనైనా, కెరమెరి ఘాట్ ఎక్కుడులోనైనా పనికొచ్చేది ఇదే.

యుద్ధం అయిపోయాక విల్లీస్‌కు కొత్త చిక్కు వచ్చిపడింది. సైన్యం కొనడం ఆపేసింది. రైతులకు అమ్ముదామని 1945లో సీజే-2ఏ తెచ్చి, దానికి నాగలి కట్టవచ్చనీ, ఇంజిన్ బలంతో యంత్రాలు తిప్పవచ్చనీ ప్రచారం చేసింది. పట్నవాసులకు స్పోర్ట్స్ కారు ఇద్దామన్న ఆలోచన కూడా అప్పుడే. బ్రూక్స్ స్టీవెన్స్ రూపమిచ్చిన జీప్‌స్టర్ 1948లో వచ్చింది. పై కప్పు మడిచే బండి, రెండు రంగుల పెయింటు, తెల్ల అంచు టైర్లు, మెరిసే క్రోమ్. లోన మాత్రం అదే గో-డెవిల్, 63 హార్స్‌పవర్‌కు పెంచినది. బలం వెనుక చక్రాలకే. లోతైన వంపులు వచ్చేలా రేకు నొక్కే ప్రెస్సులు విల్లీస్‌కు అందుబాటులో లేకపోవడంతో స్పోర్ట్స్ కారుకు కూడా జీపు మాదిరి బల్లపరుపు రెక్కలే మిగిలాయి. చూపులకు షోకుగా ఉన్నా పరుగుకు నెమ్మది. ధర కూడా ఎక్కువే. 1950 నాటికి 19,000 పైచిలుకు తయారయ్యాక ఆపేశారు. అమెరికాలో ఇప్పుడు దాన్ని వెతికి మరీ కొంటున్నారు. తెలంగాణ దాకా వచ్చింది మాత్రం దాని మోటు అన్నే.

ఆ రాక రెండు దారుల్లో జరిగింది. ఒకటి యుద్ధ మిగులు. బర్మా యుద్ధం కోసం అమెరికన్ సైన్యం తెచ్చిన వేల బండ్లు 1945 తర్వాత బెంగాల్‌లోని పానాగఢ్ వంటి డిపోల్లో వేలానికి వచ్చాయి. అన్నీ ఎడమవైపు స్టీరింగువే. కొన్నవారు కొందరు అలాగే నడిపారు, కొందరు మార్పించారు.

రెండోది మహీంద్రా. ఆ కథలో హైదరాబాద్ కొస కూడా ఉంది. 1945 అక్టోబర్ 2న లుధియానాలో మొదలైన సంస్థ పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. మొహమ్మద్ అంటే మాలిక్ గులాం మొహమ్మద్. 1940ల మొదటి సగంలో నిజాం సర్కారులో ఆర్థిక శాఖ చూసినవాడు. దేశ విభజన తర్వాత ఆయన పాకిస్తాన్ తొలి ఆర్థిక మంత్రి అయ్యాడు, 1951లో గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు. ఇక్కడ సంస్థ పేరు 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. అన్నదమ్ముల్లో కె.సి. మహీంద్రా యుద్ధకాలంలో వాషింగ్టన్‌లోని ఇండియా సప్లై మిషన్‌లో పనిచేశాడు. బార్నీ రూస్ పరిచయం అక్కడిదే. 1949లో విడిభాగాలుగా వచ్చిన తొలి 75 విల్లీస్ బండ్లను బొంబాయి మజ్‌గావ్‌లో బిగించారు.

ఆ రోజుల్లో జీపు కోసం ప్రభుత్వం ఎంత తహతహలాడిందో 1948 నాటి జీపుల కుంభకోణం చెబుతుంది. లండన్‌లో హైకమిషనర్‌గా ఉన్న వి.కె. కృష్ణ మీనన్ సైన్యం కోసం పాత జీపులకు ఒప్పందం చేసుకుంటే, వచ్చి చేరినవి 155. అవీ పనికిరానివి. స్వతంత్ర భారతంలో తొలి పెద్ద ఆరోపణ అది. 1955లో ప్రభుత్వం ఫైలు మూసేసింది. మరుసటి ఏడే మీనన్ కేంద్ర మంత్రి అయ్యాడు.

ఉత్తర తెలంగాణ పల్లెకు జీపు బాగా దగ్గరైంది ప్రభుత్వ పనుల ద్వారానే. 1952 అక్టోబర్ 2న దేశమంతా సామాజికాభివృద్ధి పథకం మొదలైంది. బ్లాకుకో అధికారి, ఆయనకో జీపు. 1959లో పంచాయతీ సమితులు వచ్చాక అది సమితి జీపు అయింది. ఊరి పొలిమేరలో దుమ్ము లేస్తే బీడీవో వస్తున్నాడో, సమితి ప్రెసిడెంటు వస్తున్నాడో తేల్చుకోవడానికి జనం ఆగాల్సి వచ్చేది. ఆ జీపు ఎవరి ఇంటి ముందు ఎక్కువసేపు ఆగుతుందన్నది ఊరి రాజకీయాల్లో లెక్కకొచ్చే సంగతి. 1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సమితులను తీసేసి మండలాలు పెట్టే వరకూ ఆ హోదా సాగింది. రామారావు తన ప్రచారానికి వాడిన చైతన్యరథం కూడా పాత అమెరికన్ బండే. కొడుకు హరికృష్ణ నడిపిన షెవర్లే వ్యాను అది.

రెండు జిల్లాల నేల ఒకటి కాదు. కరీంనగర్ వైపు ఎర్రచెలకలు, రాతిగుట్టలు ఎక్కువ. అక్కడ వానాకాలంలో కూడా మామూలు బండి ఎంతో కొంత నడుస్తుంది. ఆదిలాబాద్ వైపు పత్తి పండే నల్లరేగడి నాలుగు చినుకులకే జిగటై చక్రాన్ని పట్టుకుంటుంది. ఉట్నూరు, ఆసిఫాబాద్, సిర్పూరు దిక్కున గూడేలకూ బాటకూ మధ్య ఒర్రెలు, వాగులు అడ్డం. ముందు చక్రాలు లాగి, వెనుక చక్రాలు తోసే తేలిక బండి తప్ప మరోటి దాటని చోట్లవి. అటవీ శాఖ, పోలీసులు, సింగరేణి గనుల అధికారులు, శ్రీరాంసాగర్ కాలువల ఇంజినీర్లు అందరిదీ అదే బండి కావడం వింతేమీ కాదు. పెట్రోలు జీపు వాగు దాటేటప్పుడు ముందుగా ఫ్యాన్ బెల్టు తీసేయడం అనుభవం ఉన్న డ్రైవర్లు పాటించే జాగ్రత్త. లేకుంటే ఫ్యాను నీళ్లను ఇంజిన్ మీదికి చిమ్మి, ప్లగ్గు వైర్లు తడిసి బండి నడి వాగులో ఆగిపోతుంది. సెల్ఫ్ పనిచేయకపోతే ముందు హ్యాండిల్ కొట్టి లేపవచ్చు. ఆరు వోల్టుల బ్యాటరీ కాలంలో ఆ హ్యాండిల్‌కు పని ఎక్కువే.

మహీంద్రా ఆ తర్వాత చేసిన సీజే-3బీకి బానెట్ ఎత్తు పెరిగింది. 2,199 సీసీ దిమ్మ అదే ఉంచి, లోనికి గాలి తీసుకునే వాల్వులను మాత్రం పైకి మార్చిన హరికేన్ ఇంజిన్ అందులో పట్టాలంటే ఆ ఎత్తు తప్పలేదు. 1973 చమురు సంక్షోభంతో పెట్రోలు ధర పెరిగాక జీపు డీజిల్‌కు మళ్లింది. మొదట వేసింది ఇంటర్నేషనల్ బీ-275 ట్రాక్టర్ ఇంజిన్ ఆధారంగా చేసినదే. జీపును ట్రాక్టర్‌గా అమ్మాలని విల్లీస్ తిప్పలు పడితే, ఇక్కడ ట్రాక్టర్ ఇంజినే జీపులోకి వచ్చింది. తర్వాత ప్యూజో డీజిల్ ఇంజిన్లు వచ్చాయి. డీజిల్‌కు ప్లగ్గుల నిప్పురవ్వతో పని లేదు కాబట్టి వాగుల భయమూ తగ్గింది. సాగదీసిన ఒడలితో వచ్చిన కమాండర్ జీపు బస్సు వెళ్లని ఊళ్లకు బస్సయింది. లోపల పట్టనివారు వెనుక మెట్టు మీద నిలబడి ప్రయాణించారు.

డీజిల్ మోజే పాత బండ్లకు ముప్పు తెచ్చింది. నడిచే స్థితిలో ఉన్న యుద్ధకాలపు జీపుల్లో చాలావాటికి గో-డెవిల్ తీసి ఏదో ఒక డీజిల్ ఇంజిన్ వేయించేశారు. కాబట్టి ఏ పాత షెడ్డులోనైనా జీపు కనబడితే అది అసలుదో కాదో తేల్చడానికి కొన్ని గుర్తులు చూడాలి. యుద్ధకాలపు బండి ముందు జాలీకి తొమ్మిది చీలికలు ఉంటాయి. తర్వాతి సివిలియన్ బండ్లకు ఏడే. విల్లీస్ మొదట చేసిన సుమారు 25,000 బండ్లకు మాత్రం పట్టీలు వెల్డు చేసిన జాలీ ఉంటుంది. సేకర్తలు ఎక్కువ విలువ కట్టేది వాటికే. హెడ్‌లైట్లు జాలీ వెనక్కి ఉండి, మర విప్పి వెనక్కి తిప్పితే రాత్రిపూట ఇంజిన్ మీద వెలుగు పడుతుంది. పెట్రోలు మూత డ్రైవర్ సీటు కింద ఉంటుంది. వెనుక తలుపు తెరుచుకోదు, స్పేర్ చక్రం దాని మీదే. జాలీ కింద ఛాసిస్ అడ్డుకమ్మీ గుండ్రటి గొట్టమైతే విల్లీస్, బోర్లించిన తొట్టిలా ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ బోల్టుల తలల మీద 'ఎఫ్' అక్షరం కూడా కనిపిస్తుంది. వేలాల తర్వాత మరమ్మతుల్లో రెండు కంపెనీల భాగాలు కలిసిపోయాయి కాబట్టి ఒక్క బోల్టు చూసి నమ్మకూడదు, ఛాసిస్ చూడాలి.

చట్టం కూడా మూలరూపాన్నే అడుగుతుంది. కేంద్రం 2021 జూలైలో తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ తర్వాత 50 ఏళ్లు దాటిన బండికి ప్రత్యేక నంబరు ఇస్తారు. రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' అని ఉంటుంది. రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత అయిదేళ్లకోసారి 5,000 కట్టి పొడిగించుకోవాలి. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, ఇంధనం కోసం తప్ప మామూలు తిరుగుడుకూ కిరాయికీ ఆ బండి పనికిరాదు. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో దేన్నైనా గణనీయంగా మారిస్తే వింటేజ్‌గా లెక్కకట్టరు. డీజిల్ వేయించిన విల్లీస్ ఎంత పాతదైనా ఈ తరగతిలోకి రావాలంటే ముందు దాని గో-డెవిల్‌ను వెతికి తెచ్చి పెట్టాల్సిందే.